తేలుడు ముక్క

ఇరవై ఆరేళ్లుగా నేను మనుషుల ముక్కలు కోస్తున్నాను. ఈ మాట పెళ్లిళ్లలో, రైళ్లలో అనకూడదని అనుభవం మీద తెలుసుకున్నాను. "ఆసుపత్రిలో పని" అంటే మాత్రం పక్కన కూర్చుంటారు, తమ మోకాలి నొప్పి గురించి కూడా చెబుతారు.

పని ఇది. ఆపరేషన్లో తీసిన ముక్క మా ల్యాబుకు వస్తుంది. దాన్ని మైనంలో పొదిగి అగ్గిపెట్టెలో సగమంత దిమ్మ తయారుచేస్తాం. ఆ దిమ్మను కోత యంత్రానికి బిగించి, చక్రం తిప్పుతూ పొరలు తీస్తాను. ఒక్కో పొర వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. వాటిని గోరువెచ్చని నీళ్ల తొట్టి మీద పరిస్తే ముడతలు పోతాయి. కింద నుంచి గాజు స్లయిడు పెట్టి పైకెత్తితే పొర దానికి అతుక్కుంటుంది. రంగు వేశాక డాక్టరు మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో రాస్తుంది. పేరు ఆవిడకు, మెడనొప్పి నాకు.

అసలు ప్రమాదమంతా ఆ తొట్టిలోనే ఉంది. ఒక రోగి పొరలు తీశాక చిన్న తునక ఏదైనా నీళ్ల మీద మిగిలిపోతే, తర్వాతి రోగి స్లయిడు ఎక్కి కూర్చుంటుంది. దాన్ని మేం తేలుడు ముక్క అంటాం. ఒకరి జబ్బు ఇంకొకరి నెత్తిన పడుతుంది. అందుకే ఒక్కో దిమ్మ అయ్యాక నీళ్ల పైభాగాన్ని పల్చటి కాగితంతో తుడవాలి. అందరూ ఒకసారి తుడుస్తారు. నేను రెండుసార్లు తుడుస్తాను. నిప్పును కూడా కడిగే రకమని నా వెనక అంటుంటారు. ముందు మాత్రం "కత్తక్కా" అంటారు.

ల్యాబులో తప్పుల పుస్తకం ఒకటుంది. ఎవరు పొరపాటు చేసినా తేదీ వేసి, తమ చేత్తో తామే రాయాలి. ఇరవై ఆరేళ్లలో అందులో నా పేరు లేదు. ఈ సంగతి అప్పుడప్పుడు నేనే అందరికీ గుర్తుచేస్తుంటాను, పాపం మరిచిపోతారేమోనని.

పోయిన నెల మా పాథాలజీ మేడమ్ కొత్త పని పెట్టింది. మేడమ్ నాకంటే పదిహేనేళ్లు చిన్నది. మాట మెత్తన, పట్టు గట్టి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేసినప్పుడు చంకలోని గ్రంథులు కొన్ని తీసి మాకు పంపుతారు. జబ్బు బయటికి పాకాలంటే ముందు ఆ గ్రంథుల్లోనే దిగుతుంది. వాటిలో ఏమీ లేకపోతే రోగికి మంచి రోజులే అని లెక్క. పదేళ్లు దాటిన పాత దిమ్మలు, అప్పట్లో "గ్రంథులు శుభ్రం" అని రిపోర్టు ఇచ్చినవి, అన్నీ మళ్లీ తీసి, ఇంకాస్త లోతుగా కోసి, కొత్త రంగు వేసి చూడాలట. దాక్కున్న క్యాన్సర్ కణాలుంటే ఆ రంగుకు గోధుమ రంగులో కనబడతాయి. అలా దాక్కున్నవి ఉన్నవాళ్లు ఏమయ్యారు, లేనివాళ్లు ఏమయ్యారు, తేడా ఎంత అన్నది లెక్కకట్టాలి.

"అప్పుడు సరిగ్గా చూడలేదంటారా?" అని అడిగాను. అప్పుడు కోసింది నేనే మరి.

"సరిగ్గానే చూశాం. పైన మాత్రమే చూశాం," అంది మేడమ్.

అది నిజమే. గ్రంథి చిక్కుడు గింజంత ఉంటుంది. రెండుగా చీల్చి, కోసిన ముఖం నుంచి ఒక్క పొర తీస్తాం. మిగతాదంతా దిమ్మలోనే ఉండిపోతుంది. పుచ్చకాయకు చిన్న గాటు పెట్టి చూసి కాయంతా ఎర్రగా ఉందని కొనుక్కుపోవడం లాంటిదే. చాలాసార్లు కాయ ఎర్రగానే ఉంటుంది కూడా.

దిమ్మల మీద పేర్లు ఉండవు, నంబర్లే. ఆ నంబర్ల మీద కూడా కొత్త కోడ్ అంటించారు, ఎవరిదో తెలియకూడదని. కానీ అంటించిన కాగితం పొట్టిది, నా పాత అంకెలు పొడుగువి. మూడో వారం మంగళవారం నా చేతికొచ్చిన దిమ్మ అంచున నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు అని నా చేతిరాత కనబడింది. నాకు మా ఇంటి ఫోను నంబరు గుర్తుండదు. ఇది మాత్రం పదకొండేళ్లుగా మర్చిపోలేదు. అది మా అక్కది.

పదకొండేళ్ల కిందట అక్కకు కుడి రొమ్ములో గడ్డ తీశారు. చంకలో మూడు గ్రంథులు కూడా తీశారు. మూడూ నేనే కోశాను. ఇంకొకళ్లను ముట్టుకోనివ్వలేదు. మూడూ శుభ్రమని రిపోర్టు వచ్చింది. టైపయిన కాగితం నేనే పట్టుకుని, ఆటో దిగి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, "అక్కా, ఏమీ లేదే, మూడూ శుభ్రం!" అని అరిచాను. అక్క "ఊఁ" అంది. మా అక్క తీరే అంత. కీమో అక్కర్లేదన్నారు. అయిదేళ్లు మాత్ర వేసుకుంది. ఇప్పటికీ డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను నిలబెట్టి తిడుతోంది. నా జన్మలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని ఏమిటంటే ఆ రిపోర్టు మోసుకెళ్లడమేనని నేను అనుకుంటుంటాను.

కాబట్టి దిమ్మ చూసి భయం వెయ్యలేదు. పాత ఫొటో దొరికినట్టు సరదాగానే అనిపించింది. "ఏమ్మా, బాగున్నావా?" అనుకుంటూ కోశాను.

మర్నాడు పొద్దున మేడమ్ పిలిచింది. "నిన్నటి ఇరవైలో ఒకదాంట్లో దొరికింది. చూస్తారా?"

ఇద్దరం ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు ఆవిడ గదిలో ఉంది. తల వంచాను. నీలంగా గ్రంథి, దాని అంచున గోధుమ రంగులో చిన్న గుంపు. ముప్పయ్యో నలభయ్యో కణాలు. గుంపుగా, బుద్ధిగా కూర్చున్నాయి. స్లయిడు అంచున కోడ్ చూశాను. నిన్న చూసి బట్టీ పట్టిన కోడే అది.

నా నోరు ఆగలేదు, అది ఎప్పుడూ నాకంటే ముందే ఉంటుంది.

"ఇది తేలుడు ముక్క, మేడమ్."

మేడమ్ తలెత్తింది. "ఎవరి తొట్టిలో?"

"నా తొట్టిలోనే. దీని ముందు కోసింది రొమ్ము గడ్డ. దాని తునక ఉండిపోయింది. నిన్న నేను నీళ్లు తుడవలేదు."

"మీరా?"

"నేనే. ఈ మధ్య నా పని బాగుండటం లేదు మేడమ్. మీకు తెలీదు. కళ్లు కూడా ఆనటం లేదు. ఒట్టి పనికిమాలినదాన్ని అయిపోయాను."

ఆవిడ మళ్లీ మైక్రోస్కోపులోకి చూసింది. "తేలుడు ముక్క అయితే పొర మీద వేరేగా పడి ఉంటుంది కదా. ఇది గ్రంథి లోపలే ఉంది."

"కొన్ని లోపలికి దూరతాయి," అన్నాను. ఇరవై ఆరేళ్ల అనుభవంలో ఇంత దరిద్రమైన మాట అని ఎరగను.

అంతటితో ఆగానా? బయటికొచ్చి తప్పుల పుస్తకం తెరిచి తేదీ వేసి, "తొట్టి నీళ్లు తుడవకపోవడం వల్ల తేలుడు ముక్క. బాధ్యత నాది," అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. ల్యాబు మొత్తం లేచి వచ్చి చూసింది. ఒకావిడ ఫొటో కూడా తీసుకుంది. తియ్యనీ. ఆ క్షణంలో నేను ప్రపంచంలోకెల్లా చేతకానిదాన్ని అని తేలితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు దేవుడా అనుకున్నాను. పుస్తకం నిండా నా పేరే ఉన్నా సరే, ఆ గుంపు మా అక్కది కాకూడదు.

మేడమ్ వచ్చి పుస్తకంలోకి చూసి, నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, "ఎవరిదండీ అది?" అంది.

"మా అక్కది."

నేను ఏడ్చాను. ఏడుస్తూనే, నంబర్లకు అంటించే కాగితాలు ఇంకో అంగుళం పొడుగు ఉండాలని కూడా చెప్పాను. మేడమ్ రాసుకుంది.

"సరే. రేపు పొద్దున మొదటి దిమ్మ ఇదే. కొత్త కత్తి, కొత్త నీళ్లు. దీని ముందు ఇంకో రోగి ఉండడు కాబట్టి తేలడానికి ఏమీ ఉండదు. మళ్లీ కనబడిందా, అది ఈవిడదే. కనబడలేదా, మీరు రాసింది నిజం. వేరే ఎవరితోనైనా కోయించనా?"

"వద్దు. నేనే కోస్తాను."

పొద్దున తొట్టి కడిగాను. నీళ్లు మార్చాను. యంత్రం మొత్తం తుడిచాను. చిన్నప్పుడు నా జడ వేసిన మనిషిని మైనంలో బిగించి ఎదురుగా పెట్టుకున్నట్టు ఉంది. చేతులు వణుకుతాయేమో, పొరలు చిరిగిపోతాయేమో అని ఆశపడ్డాను. ఒక్క చిల్లు లేదు, ఒక్క ముడత లేదు. మూడు పొరలు, ఒకదాని కింద ఒకటి, చెక్కు చెదరకుండా వచ్చాయి. నా చేతుల మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

రంగు పట్టి స్లయిడ్లు వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. మేడమ్ ఒక్కతే చూసింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఒకటి చూసి పక్కన పెట్టింది. రెండోది చూసింది. మూడోది గబగబా చూసి తలెత్తింది.

"మూడింటిలోనూ ఉంది. మీ నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి," అంది. "మొన్నటివి కూడా."

నా పనిని ఎవరైనా మెచ్చుకుంటే పడి చచ్చే మనిషిని నేను. ఆ మాట మాత్రం నాకు అక్కర్లేకపోయింది. ఆవిడ వెళ్లి తప్పుల పుస్తకంలో నేను రాసింది అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం పెట్టింది.

"ఉండనివ్వండి మేడమ్," అన్నాను.

"అబద్ధం ఉంచకూడదు కదా," అంది మెల్లగా, కుర్చీ చూపించింది. కూర్చున్నాను.

"ఇప్పుడు మా అక్క ఏమవుతుంది?"

"ఆ గ్రంథి మీ అక్కయ్య ఒంట్లో లేదు. పదకొండేళ్లుగా మన బీరువాలో ఉంది. ముందు అది గుర్తుపెట్టుకోండి."

"అది కనబడి ఉంటే అప్పుడు కీమో ఇచ్చేవాళ్లు కదా?"

"ఇచ్చేవాళ్లేమో. దానివల్ల మేలు జరిగేదో, ఊరికే జుట్టు ఊడేదో చెప్పలేను. ఇలా వెదికి చూసిన చోట్ల, దాక్కున్నవి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా చాలా తక్కువే వచ్చింది. వందమందిలో ఒకరో, ఇద్దరో. తేడా లేదని అనను. ఉంది. చిన్నది."

"ఆ ఒకరిద్దరిలో మా అక్క ఉందా?"

"వందమంది గురించి అడిగితే లెక్క జవాబు చెబుతుంది. ఒక్కరి గురించి అడిగితే చెప్పదండీ. పదకొండేళ్లు గడిచాయి, ఆవిడ బాగుంది. అది ఈ స్లయిడు కంటే పెద్ద సాక్ష్యం. ఇక ముందు ఎప్పటికీ రాదని మాత్రం నేను కాగితం రాసివ్వలేను. ఎవరూ రాసివ్వలేరు."

"నేను ఇంకొక్క అర మిల్లీమీటరు లోతుగా..."

"అప్పుడు అలా కొయ్యమని ఎవరూ చెప్పలేదు. మీరు కోసి ఉంటే తిట్టేవాళ్లం." స్లయిడ్లు సర్దుతూ అంది, "ఈ లెక్కల ఫలితాలు రోగులకు చెప్పకూడదన్నది నియమం. ఆ నియమం పెట్టినప్పుడు రోగి చెల్లెలు దిమ్మ కోస్తుందని ఎవరూ అనుకోలేదు. చెప్పమనీ అనను, చెప్పొద్దనీ అనను. ఆవిడ నా దగ్గరికొచ్చి అడిగితే మాత్రం దాచను."

రెండు రోజులు దాచాను. నా నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటిది రెండు రోజులు! చెప్తే పదకొండేళ్ల నిశ్చింతను నా చేతుల్తో నేనే లాక్కున్నట్టు. చెప్పకపోతే రేపు ఏ నొప్పో వచ్చినప్పుడు, వయసులే అని అక్క ఊరుకుంటే? ఆ ఒకరిద్దరిలో అది ఉంటే? మూడో రోజు సెలవు పెట్టి డ్రైవింగ్ స్కూలుకు వెళ్లాను.

రావాల్సిన మనిషి రాలేదట, అక్క ఖాళీగా ఉంది. నన్ను చూడగానే, "ఎక్కు. యాభై నిండుతున్నాయి, ఇవాళైనా నేర్చుకో," అని స్టీరింగు వైపు తోసింది. తను పక్క సీట్లో కూర్చుంది. ఆ కారుకు రెండు వైపులా బ్రేకు ఉంటుంది. దాని నమ్మకం అంతా తన వైపు బ్రేకు మీదే.

"అద్దం చూసుకో. క్లచ్చు. మెల్లగా వదలవే, అది నీ మొగుడు కాదు, విసిరికొట్టకు."

సందు చివరి దాకా వెళ్లాం. నేను రోడ్డే చూస్తూ, "అక్కా, నీ గ్రంథుల దిమ్మ మళ్లీ కోశాను," అన్నాను.

"ఏ గ్రంథులు? ఎడమకు తిప్పు."

"చంకలోవి. అప్పటివి. లోతుగా కోస్తే ఒకదాంట్లో ఉందే. చిన్న గుంపు. అప్పుడు కనబడలేదు. నేను కోసిన చోటు దాకా అది లేదు, దాని కింద ఉంది. నాకు తెలీలేదే..."

కారు కుదుపుతో ఆగింది. నేను తొక్కలేదు. వెనక స్కూటరతను హారను మోగించి, ఏదో తిట్టి, పక్కనుంచి వెళ్లిపోయాడు.

"పక్కకు తియ్యి," అంది అక్క. నాకు తియ్యడం రాదు. తనే ఇటు నుంచి స్టీరింగు పట్టుకుని తిప్పించి, మూసి ఉన్న ఒక షట్టరు ముందు ఆపించి, తాళం తిప్పేసింది.

నేను మేడమ్ చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అర మిల్లీమీటరు, వందలో ఒకరో ఇద్దరో, బీరువా, కీమో, అన్నీ. తిడుతుందనుకున్నాను. కొట్టినా కొడుతుందనుకున్నాను.

అక్క నా వైపు తిరిగింది.

"అయితే అప్పుడు కనబడలేదా?"

"లేదే. ఒట్టు."

"అప్పుడు రిపోర్టులో నిజంగానే ఏమీ లేదని రాశారా?"

"అదేమిటే, నేను తెచ్చి చేతికిచ్చాను కదా!"

"నువ్వు తెచ్చావు కాబట్టే కదే!" అక్క అరిచింది. "మీ ల్యాబులో టైపు చేసిన కాగితం, నువ్వు మోసుకొచ్చావు, మెట్ల మీద నుంచి అరుచుకుంటూ. అమ్మకు క్యాన్సర్ లివరంతా పాకిందని తెలిసిన రోజున నువ్వేం చేశావు? అల్సరమ్మా, మాత్రలకు తగ్గిపోతుందని అమ్మ ఎదురుగా కూర్చుని ఆ రిపోర్టు కన్నార్పకుండా చదివి వినిపించావు. నేను పక్కనే ఉన్నాను. నాకే ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది. అమ్మ ఎంత సంతోషపడిందో గుర్తుందా? ఆర్నెల్లలో పోయింది. నా రోజు వచ్చేసరికి నువ్వు మళ్లీ అదే మొహంతో వచ్చావు."

నేను స్టీరింగు మీంచి చేతులు తీశాను.

"డాక్టర్ కీమో వద్దన్నాడు. ఇంకేం లాభం లేదని వదిలేశారనుకున్నా. మాత్రలు నా తృప్తికి ఇచ్చారనుకున్నా. మీ బావను అడిగితే ఆయనా శుభ్రమనే అన్నాడు, నువ్వే నేర్పించి ఉంటావని ఆయన్నీ నమ్మలేదు. ఈ ఏడాది, ఈ ఏడాది అనుకుంటూ బతికాను. పదకొండేళ్లు."

"మరి అడగచ్చు కదే నన్ను!"

"అడిగితే అమ్మకు చెప్పినట్టే చెప్పేదానివి. నువ్వు బాధపడతావని నేనూ నమ్మినట్టే ఉన్నాను." కొంగుతో కాదు, సీటు తుడిచే గుడ్డతో మొహం తుడుచుకుంది. "అబద్ధమాడేదానివైతే ఇవాళ ఇలా వచ్చి చెప్పవు. ఇప్పుడు నమ్ముతున్నానే. అప్పుడు నిజమే చెప్పావు నువ్వు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. జన్మలో ఒకే ఒక్క మంచి పని చేశానని పదకొండేళ్లు మురిసిపోయాను. ఆ పదకొండేళ్లూ ఇది నా ఎదురుగా కూర్చుని చచ్చిపోతూ ఉంది, నన్ను నవ్విస్తూ. దాన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. పట్టుకున్నాను కూడా. మధ్యలో గేరు అడ్డమొచ్చింది. ఇద్దరం ఏడ్చాం. ఒకావిడ సంచీ పట్టుకుని పోతూ ఆగి, కారు మీద ఉన్న "డ్రైవింగ్ నేర్పబడును" అన్న బోర్డు చూసి, తల ఊపుకుంటూ వెళ్లిపోయింది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అంది అక్క చివరికి.

"ఏమీ లేదు. ఒకసారి డాక్టరుకు చూపించుకుందాం. ఏడాదికోసారి పరీక్ష. ఏ నొప్పీ దాచకూడదు."

"అంతేనా?"

"అంతే."

అక్క వేలు పెట్టి ఎడమ బుగ్గ పక్కకు లాగి నాకు చూపించింది. వెనక రెండు దంతాలు లేవు. చిగురు నున్నగా, గట్టిపడి ఉంది.

"ఇవి ఊడి ఆరేళ్లయింది. చచ్చేదానికి కొత్త పళ్లెందుకులే అని ఊరుకున్నా. కుడివైపే నములుతున్నా. మంచి పళ్ల డాక్టరు ఎవరైనా తెలుసా నీకు?"

ప్రతి ఆదివారం నేను వాళ్లింటికే భోజనానికి వెళ్తాను. మా అక్కకు ఎదురుగా కూర్చుంటాను. ఆరేళ్లు.

"కనుక్కుంటానే," అన్నాను.